ఒకే పొడి అక్షరాలకు పది అర్థాలుంటే జాబితా ఏ వరుసలో రాయాలి?

ఎంఎస్ అన్న రెండక్షరాలు ఒక కాగితం మీద కనిపించాయనుకోండి. అది ఆస్పత్రి చీటీ అయితే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు కావచ్చు, మైట్రల్ స్టెనోసిస్ అనే గుండె కవాటం జబ్బు కావచ్చు, మార్ఫిన్ సల్ఫేట్ అనే మందూ కావచ్చు. రసాయన ప్రయోగశాల నివేదిక అయితే మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పరీక్షా పద్ధతి. మనిషి పేరు పక్కన ఉంటే చదువుకున్న పట్టా. పాత గ్రంథాల మీద పనిచేసేవారికి మాన్యుస్క్రిప్ట్, అంటే రాతప్రతి. సెకనులో వెయ్యో వంతుకూ అవే రెండక్షరాలు.

ఆ కాగితం చదువుతున్న మనిషి అర్థం తేలక ఒక జాబితా దగ్గరికి వస్తాడు. ఆ జాబితా రాసేవాళ్ల కోసమే ఈ పోలిక. మీరు రాసేది పుస్తకం చివర సంకేతాల పట్టిక కావచ్చు, విజ్ఞానసర్వస్వంలో ఒకే పేరున్న వేర్వేరు వ్యాసాలకు దారి చూపే అయోమయ నివృత్తి పేజీ కావచ్చు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకిచ్చే పదాల చిట్టా కావచ్చు. అర్థాలు పోగుచేయడానికి ఓపిక ఉంటే చాలు. వాటిని ఏ వరుసలో పెట్టాలన్న దగ్గరే చాలామంది ఆలోచించకుండా అలవాటు కొద్దీ అకారాది క్రమంలోకి వెళ్లిపోతారు. నేనూ మొదట్లో అదే చేశాను. తర్వాత మార్చుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్థాలు ఐదారు లోపు ఉంటే వాడుక ఎక్కువున్నదాన్ని పైన పెట్టి మిగతావి కింద రాయండి. అంతకు మించితే రంగాల వారీగా విడదీయండి. అకారాది క్రమాన్ని గుంపు లోపలి వరుసకే వాడండి, జాబితా మొత్తానికి వాడకండి. కాలక్రమం దాదాపు ఎప్పుడూ వద్దు. కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

వాటన్నిటికీ మూలం ఒకటే. అర్థాల జాబితాను ఎవరూ కథలా చదవరు. తనది కానిదాన్ని తోసేస్తూ కిందికి దిగుతారు. అందువల్ల ఏ వరుస మేలో తేల్చుకోవాలంటే, తనది కాని పంక్తిని పాఠకుడు ఎంత తొందరగా తోసేయగలడో చూడాలి.

అకారాది క్రమం: అందరికీ తెలుసు, ఇక్కడ అక్కరకు రాదు

పూర్తి రూపాలను అకారాదిగా పేర్చడంలో ఒక సుగుణం ఉంది. ఎవరితోనూ పేచీ ఉండదు. పదిమంది కలిసి పెంచే జాబితాలో ‘మా అర్థం కింద ఎందుకు పడింది’ అని అడిగే అవకాశమే రాదు. కొత్త అర్థం ఎక్కడ చేర్చాలో ఎవరైనా చెప్పగలరు. ఇది చిన్న విషయం కాదు.

కానీ అకారాది క్రమం పనిచేయాలంటే వెతికేవాడికి వెతుకుతున్న మాట తెలిసి ఉండాలి. ఇక్కడ వచ్చినవాడికి తెలియనిదే ఆ మాట. మైట్రల్ స్టెనోసిస్ మ అక్షరం కింద ఉందని తెలిసినవాడికి జాబితాతో పనేముంది? అతని చేతిలో ఉన్నది ఒక వాక్యం, ఆ వాక్యం ఎక్కడిదన్న ఎరుక. అంతే. ఆ రెంటికీ అకారాదితో సంబంధం లేదు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు మన లిపిలోకి వచ్చేసరికి చెల్లాచెదురవుతాయి. ఏటీఎంలో మొదటి అక్షరం ఒక్కటే అయినా ఆటోమేటెడ్ టెల్లర్ మెషీన్ ఆ దగ్గర, అసింక్రోనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అ దగ్గర, ఎయిర్ ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ ఎ దగ్గర పడతాయి. వాతావరణ పీడనానికి ప్రమాణమైన అట్మాస్ఫియర్‌ను కొందరు ఎట్మాస్ఫియర్ అని రాస్తారు. రాసేవాడి చెవిని బట్టి వరుస మారిపోతుంది. పూర్తి రూపం బదులు తెలుగు అర్థాన్ని ముందు రాస్తే అది మరో వరుస.

శీర్షికలోనూ ఇదే గొడవ. ఎంఎస్, ఎం.ఎస్., ఎమ్.ఎస్., ఎమ్మెస్ అన్నీ వాడుకలో ఉన్నవే. ఒకటి అనుస్వారం దగ్గర, ఇంకొకటి మకారం దగ్గర పడి మధ్యలో బోలెడు పుటలు అడ్డం వస్తాయి. ఒక రూపాన్ని ప్రధానంగా తీసుకుని, మిగతా వాటి దగ్గర ‘ఎంఎస్ చూడండి’ అని ఒక్క ముక్క రాయడం తప్ప మార్గం లేదు. అర్థాల జాబితాను మాత్రం రెండు చోట్ల పెట్టకండి. నాలుగు నెలల్లో రెండూ రెండు రకాలవుతాయి.

సంకేతాల దగ్గర అకారాది పూర్తిగా చేతులెత్తేస్తుంది. సీహెచ్ అంటే స్విట్జర్లాండ్, ఎందుకంటే ఆ అక్షరాలు కాన్ఫెడరేషియో హెల్వెటికా అన్న లాటిన్ పేరువి. పీబీ అంటే సీసం, లాటిన్‌లో ప్లంబమ్. అక్షరాలకూ మనం రాసే పేరుకూ పొంతనే లేనప్పుడు ఆ పేరును అకారాదిగా పెట్టి ఉపయోగం ఏముంది?

వాడుకను బట్టి: ఎవరి వాడుక?

ఎక్కువగా వాడే అర్థం పైన, అరుదైనది కింద. వినగానే సబబుగా తోస్తుంది, చిన్న జాబితాలకు నేనూ ఇదే ఎంచుకుంటాను. అయినా రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, వాడుక అందరికీ ఒకటి కాదు. ఏఐ అనగానే నేడు లోకమంతా కృత్రిమ మేధ అంటుంది. పశువైద్యుల కరదీపికలో అవే అక్షరాలు కృత్రిమ గర్భధారణకు. గుండె వైద్యుల నోట్సులో అయోర్టిక్ ఇన్‌సఫిషియెన్సీ అనే కవాటం జబ్బుకి. పశువైద్యుల కోసం పదకోశం రాస్తూ కృత్రిమ మేధను మొదటి పంక్తిలో పెడితే మీరు మీ పాఠకుణ్ణి మరిచిపోయినట్టే. కాబట్టి ‘లోకంలో ఏది ఎక్కువ’ అని కాక ‘ఈ పుస్తకం పట్టుకున్నవాడికి ఏది ఎక్కువ ఎదురవుతుంది’ అని అడగండి. అందరి కోసం రాసే ఇంగ్లిష్ వికీపీడియా ఏది ప్రధానమైన అర్థమో తేల్చడానికి రెండు కొలతలు పెట్టుకుంది. జనం దేనికోసం ఎక్కువగా వెతుకుతున్నారన్నది ఒకటి, దీర్ఘకాలంలో దేనికి ప్రాముఖ్యం నిలుస్తుందన్నది రెండోది. రెండోది లేకపోతే నిన్న విడుదలైన వస్తువు పేరు నేడు వందేళ్ల సంస్థను కిందికి తోసేస్తుంది.

గమనించాల్సిన రెండో విషయం నాకు ఆలస్యంగా అర్థమైంది. అందరికీ తెలిసిన అర్థం కోసం ఎవరూ జాబితా దగ్గరికి రారు. ఏటీఎం అంటే డబ్బు తీసే యంత్రమని తెలియక వచ్చేవాళ్లు ఎందరుంటారు? ఆ అర్థం తన వాక్యంలో అతకలేదు కాబట్టే మనిషి వచ్చాడు. వాక్యం టెలికాం పరికరం గురించి, అందులో 53 బైట్ల సెల్ అని ఏదో ఉంది. లేదా వాయువుల పీడనం గురించి, పక్కన 1,01,325 పాస్కల్ అని ఉంది. లేదా ఒక జన్యువు పేరు. ఎక్కువ వాడుకలో ఉన్నదే ఎక్కువగా వెతుకుతారన్న లెక్క ఇక్కడ తప్పుతుంది.

మరి పైన పెట్టడం ఎందుకు? తోసేయడానికే. డబ్బు యంత్రం మొదటి పంక్తిలో కనిపిస్తే ‘ఇది కాదు, కిందికి పోదాం’ అనుకుంటాడు. అది పదకొండో పంక్తిలో ఉంటే అక్కడిదాకా ‘ఈ జాబితాలో అసలు ఏటీఎమ్మే లేదే, సరైన చోటికే వచ్చానా’ అన్న అనుమానం పీకుతూ ఉంటుంది. అందుకే బాగా తెలిసినది ఒక్కటే పైన, విడిగా, ఒక్క పంక్తిలో. రెండో స్థానం నుంచి వాడుక ప్రకారం ర్యాంకులు ఇచ్చుకుంటూ పోవడం మాత్రం వృథా శ్రమ. ఏడో అర్థం ఎక్కువ వాడుకలో ఉందా ఎనిమిదోదా అన్నది ఎవరూ తేల్చలేరు, తేల్చినా పాఠకుడికి ఒరిగేది లేదు.

రంగాల వారీగా: నేను మొగ్గేది ఇటే

వచ్చినవాడి చేతిలో ఏముందో మళ్లీ గుర్తు చేసుకుందాం. తనకు ఎదురైన వాక్యం ఏ రంగానిదో అతనికి తెలుసు. ఎంఎస్ అంటే ఏమిటో తెలియకపోయినా, చేతిలో ఉన్నది మందుల చీటీయా, ప్రయోగశాల కాగితమా అన్నది తెలుసు. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని చేరుకోనిచ్చే వరుస ఇదొక్కటే. ఒక గుంపు పేరు చూసి ఐదారు పంక్తుల్ని ఒక్కసారే దాటేయవచ్చు.

ఏఆర్ అన్న అక్షరాలకు నేనైతే ఇలా రాస్తాను:

సాధారణంగా: ఆగ్మెంటెడ్ రియాలిటీ, కళ్ల ముందున్న దృశ్యం మీద కంప్యూటర్ బొమ్మల్ని కలిపి చూపే పద్ధతి

వైద్యం, జీవశాస్త్రం
గుండె: అయోర్టిక్ రిగర్జిటేషన్, కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి రావడం
హార్మోన్లు: ఆండ్రోజెన్ రిసెప్టర్, కణంలో ఆ హార్మోన్లను అందుకునే ప్రోటీన్

లెక్కలు
గణాంకాలు: ఆటోరిగ్రెసివ్, గత విలువల నుంచి తర్వాతి విలువను అంచనా వేసే నమూనా
ఖాతాలు: అకౌంట్స్ రిసీవబుల్, మనకు రావలసిన బాకీలు

కేటాయించిన సంకేతాలు
దేశం: అర్జెంటీనా
భాష: అరబ్బీ (రెండూ చిన్న అక్షరాలు)
అమెరికా తపాలా: ఆర్కన్సా రాష్ట్రం
మూలకం: ఆర్గాన్ (రెండోది చిన్న అక్షరం)
విమానయానం: అర్జెంటీనా జాతీయ విమాన సంస్థ ఏరోలీనియాస్ అర్జెంటీనాస్

ఈ నమూనాలో చివరి గుంపును గమనించండి. దేశాలకు, భాషలకు, మూలకాలకు, విమాన సంస్థలకు ఇచ్చిన గుర్తులు నిజానికి పొడి అక్షరాలు కావు. ఎవరో ఒక ప్రమాణ సంస్థ కూర్చుని కేటాయించినవి. రెండక్షరాల కలయికలు ఆరువందల డెబ్బై ఆరే కాబట్టి అవి దాదాపు ప్రతి జాబితాలోనూ వచ్చి పడతాయి. రంగాల మధ్య చల్లేస్తే జాబితా అంతా దేశాల పేర్లతో నిండిపోయినట్టు కనిపిస్తుంది. ఒక్క చోట కట్టిపెట్టి చివర్లో ఉంచితే, వాటితో పని ఉన్నవాడు నేరుగా అక్కడికే వెళ్తాడు.

గుంపుల పేర్లు పాఠకుడి నోట్లో ఉన్న మాటలై ఉండాలి. ‘హృద్రోగశాస్త్రం’ అని రాస్తే రోగి బంధువు ఒక్క క్షణం ఆగుతాడు. ‘గుండె’ అంటే ఆగడు. అలాగే ఒక్క అర్థం కోసం ఒక గుంపు పెట్టకండి. ఆరు అర్థాలకు ఆరు శీర్షికలుంటే అవి దారి చూపవు, దారికి అడ్డం పడతాయి. ‘ఇతరాలు’ అన్న గుంపు మీద ఒక కన్నేసి ఉంచండి. అది మిగతా గుంపులకంటే పెద్దదైందంటే మీ విభజనే సరిగా లేదని అర్థం.

రంగాల పద్ధతికి ఉన్న నిజమైన బలహీనత, ఒకే రంగంలో రెండు మూడు అర్థాలు ఢీకొట్టుకోవడం. పీటీ చూడండి: పేషెంట్ అంటే రోగి, ఫిజికల్ థెరపీ అంటే ఫిజియోథెరపీ, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ప్రోథ్రాంబిన్ టైమ్. మూడూ వైద్యమే, మూడూ ఒకే ఫైలులో ఉండొచ్చు. ‘వైద్యం’ అన్న శీర్షిక ఇక్కడ ఏమీ తేల్చదు. అప్పుడు రంగం కంటే ఒక మెట్టు కిందికి దిగాలి: రక్తపరీక్ష నివేదికలో, పక్కన సెకన్ల అంకె ఉంటే ప్రోథ్రాంబిన్ టైమ్, వాక్యంలో కర్త స్థానంలో ఉంటే రోగి, వైద్యుడి సిఫారసుల్లో ఉంటే ఫిజియోథెరపీ. ఈ ముక్క రాయడానికి ఆ కాగితాలు చూసిన అనుభవం కావాలి. లేకపోతే ఆ రంగంలో పనిచేసేవారిని అడగండి. ఊహించి రాయవద్దు.

ఒక అర్థం రెండు రంగాలకూ చెందితే? ఆటోరిగ్రెసివ్ గణాంకాల్లోనూ ఉంది, ఆర్థికశాస్త్రంలోనూ ఉంది. రెండు చోట్లా రాస్తే అవి రెండు వేర్వేరు సంగతులని పాఠకుడు పొరబడతాడు. ఒక్క చోటే రాసి, రెండో రంగం పేరు ఆ పంక్తిలోనే చెప్పండి.

కాలక్రమం, నానార్థాల పాత పద్ధతి

పెద్ద నిఘంటువులు పాత అర్థం ముందు, కొత్తది తర్వాత ఇస్తాయి కదా అని కొందరు అడుగుతారు. 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆ పద్ధతికి పేరు. మాటకు అది సరిపోతుంది, ఎందుకంటే మాటలో ఒక అర్థం కడుపున ఇంకో అర్థం పుడుతుంది. వరుసగా చదివితే ఆ వంశవృక్షం తెలుస్తుంది. పొడి అక్షరాల అర్థాల మధ్య అలాంటి రక్తసంబంధం లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కూ మాన్యుస్క్రిప్ట్‌కూ చుట్టరికం ఏమిటి? ఒకే ఇంటి నంబరు పడిన అపరిచితులు వాళ్లు. ఎవరు ముందు వచ్చారో తెలిసినా పాఠకుడికి దారి దొరకదు.

ఒక్క మినహాయింపు. ఒకే సంగతి నుంచి పుట్టిన అర్థాలుంటే వాటిని ఒకే అంకె కింద ఉంచాలి. జీపీఎస్ అంటే ఉపగ్రహాల వ్యవస్థ, దాన్ని వాడుకునే చేతిలోని పరికరాన్నీ జనం జీపీఎస్ అనే అంటారు. ఇవి అపరిచితులు కారు, తల్లీపిల్లలు.

సంవత్సరం మాత్రం కొన్నిసార్లు కీలకమైన ఆనవాలు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అన్నది 1961లో మొదలైన వన్యప్రాణి సంరక్షణ సంస్థ. అవే అక్షరాలతో కుస్తీ పోటీల సంస్థ కూడా ఉండేది. న్యాయస్థానంలో వివాదం నడిచాక కుస్తీ సంస్థ 2002లో డబ్ల్యూడబ్ల్యూఈగా పేరు మార్చుకుంది. 1999 నాటి పత్రిక చదువుతున్నవాడికి రెండూ సాధ్యమే, 2010 నాటి పత్రిక చదివేవాడికి దాదాపు ఒక్కటే. ఇలాంటిచోట ‘2002 వరకు’ అన్న ముక్క పంక్తిలో రాస్తే చాలు. దానికోసం జాబితా మొత్తాన్ని కాలక్రమంలోకి తిప్పనక్కర్లేదు.

అసలు నానార్థాలు పేర్చడం మన దగ్గర పాత విద్యే. అమరకోశంలోని నానార్థవర్గం మాటల్ని వాటి చివరి హల్లును బట్టి పేరుస్తుంది, కకారాంతాలు ముందు, ఖకారాంతాలు తర్వాత. హరి అన్న మాటకు యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, కపిల వర్ణం అని పద్నాలుగు అర్థాలు ఒక్క శ్లోకంలో ఉన్నాయి. ఆ వరుస ఛందస్సుకు కుదిరిన వరుస. కోశం మొత్తం నోటికి వచ్చినవాడికి వెతకడమనే పనే లేదు, కాబట్టి అది అతనికి సరిగ్గా సరిపోయింది. అందులోనూ ఒక ఆనవాలు ఇచ్చారు చూడండి: మొదటి పదమూడింటికి పుంలింగమని, కపిల వర్ణానికి మూడు లింగాలూ అని. అంటే వాక్యంలో ఆ మాట ఏ లింగంలో ఉందో చూసి కొన్నిటిని పక్కన పెట్టవచ్చు. మనం చేయవలసిందీ అదే. పద్ధతి మారింది, చదివేవాడి చేతికి ఒక ఆనవాలు ఇవ్వాలన్న అవసరం మారలేదు.

రాసిన తీరును బట్టి

చాలామంది పట్టించుకోని ఐదో మార్గం ఇది. అక్షరాలు అవే అయినా రాసిన తీరు వేరుగా ఉంటుంది. ప్రమాణాల్లో కేపిటల్ ఎం అంటే మెగా, చిన్న ఎం అంటే మిల్లీ. మెగావాట్‌కూ మిల్లీవాట్‌కూ మధ్య వంద కోట్ల రెట్ల తేడా. కేపిటల్ బీ అయితే బైట్, చిన్న బీ అయితే బిట్, ఎనిమిది రెట్లు. ఇలాంటిచోట రంగం చూసి లాభం లేదు, రెండూ ఒకే రంగం. అక్షరం ఆకారమే ఆనవాలు. తెలుగు లిపిలో కేపిటల్, చిన్న అన్న తేడా కనిపించదు కాబట్టి మన జాబితాల్లో ఆ సంగతిని మాటల్లో రాసి తీరాలి.

తెలుగు సంక్షిప్తాల్లో ఆనవాలు ఆకారంలో కాక స్థానంలో ఉంటుంది. సం. అన్నది సంవత్సరం, సంపుటి, సంపాదకుడు, నిఘంటువుల్లో సంస్కృతం. ‘3 సం.’ అంటే మూడు సంవత్సరాలు, ‘సం. 3’ అంటే మూడో సంపుటి. పేరు పక్కన కుండలీకరణాల్లో ఉంటే సంపాదకుడు. మాట అర్థానికి ముందు, వ్యాకరణ గుర్తుల మధ్య ఉంటే సంస్కృతం. ఈ నాలుగింటినీ అకారాదిగా పెట్టినా, వాడుకను బట్టి పెట్టినా వ్యర్థం. ‘అంకె తర్వాత’, ‘అంకెకు ముందు’, ‘పేరు పక్కన’, ‘నిఘంటువులో’ అని పంక్తి మొదట్లోనే రాస్తే పాఠకుడు తన కాగితం వైపు ఒకసారి చూసి తేల్చేసుకుంటాడు.

ఉ., మ., చ. ఇంకా ముచ్చటైనవి. పద్యానికి ముందు ఉంటే ఉత్పలమాల, మత్తేభం, చంపకమాల. గడియారం అంకెల దగ్గర ఉ. అంటే ఉదయం, మ. అంటే మధ్యాహ్నం. కొలతల దగ్గర చ. అంటే చదరపు. వీటికి ఒకే జాబితా వద్దంటాను. పద్యాల గుర్తులన్నీ ఒక చోట, వేళల గుర్తులన్నీ ఒక చోట పెడితే ఒక్కో గుంపూ తనకు తానే అర్థమవుతుంది. సీసం, తేటగీతి, ఆటవెలది గుర్తులైన సీ., తే., ఆ. పక్కన కనిపించిన మ.ను మధ్యాహ్నమని ఎవరూ అనుకోరు.

జాబితాలోకి రాకూడనివి

వరుస ఎంత బాగున్నా చెత్త చేరితే పాడవుతుంది. ముఖ్యంగా మూడు రకాలు.

రెండు పూర్తి రూపాలున్నంత మాత్రాన రెండు అర్థాలు కావు. డీవీడీని డిజిటల్ వీడియో డిస్క్ అనీ, డిజిటల్ వర్సటైల్ డిస్క్ అనీ అంటారు. వస్తువు ఒక్కటే. పీహెచ్‌పీ మొదట పర్సనల్ హోమ్ పేజ్, తర్వాత హైపర్‌టెక్స్ట్ ప్రీప్రాసెసర్. కంప్యూటర్ భాష ఒక్కటే. వీటికి ఒకే పంక్తి.

జనం కల్పించుకున్న పూర్తి రూపాలు మరో రకం. ఎస్ఓఎస్ అంటే ‘మా ప్రాణాలు కాపాడండి’ అన్న ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలని చాలామంది నమ్మకం. నిజానికి అది మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలుగా మోర్స్‌లో తేలిగ్గా పంపగలిగే గుర్తు, 1906లో బెర్లిన్ సమావేశంలో అంతర్జాతీయంగా ఒప్పుకున్నది. ప్రపంచ సమయ ప్రమాణానికి వాడే యూటీసీ అక్షరాలు దాని ఇంగ్లిష్ పేరులోని మాటల వరుసకూ, ఫ్రెంచ్ పేరులోని వరుసకూ సరిపోవు, మధ్యేమార్గంగా ఎంచుకున్నవి. ఏఆర్-15 తుపాకీలో ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, మొదట దాన్ని రూపొందించిన ఆర్మలైట్ సంస్థ పేరు. ఇలాంటి పొరపాట్లను జాబితాలోంచి తీసేస్తే సరిపోదు. వాటి కోసమే వచ్చేవాళ్లుంటారు. సరైన పంక్తిలోనే ‘ఫలానా అనుకుంటారు, అది కాదు’ అని చెప్పాలి.

మూడోది, అక్షరాలు కుదురుతున్నాయి కదా అని చేర్చేవి. ఏ మూడు మాటల పేరుకైనా మూడు మొదటి అక్షరాలుంటాయి. ఆ పేరున్నవాళ్లు తమను నిజంగా ఆ అక్షరాలతో పిలుచుకుంటున్నారా, ఎక్కడైనా అలా అచ్చయిందా? లేకపోతే చేర్చకండి. వినడానికి కఠినంగా ఉన్నా, జాబితాను కాపాడేది ఈ నియమమే.

పొరబాటు ప్రాణం మీదికి తెచ్చే చోట

ఇప్పటిదాకా చెప్పిందంతా పొరబడితే కాస్త సమయం పోయే చోట్లకు. వైద్యంలో లెక్క వేరు. ఎంఎస్ మార్ఫిన్ సల్ఫేట్ కావచ్చు, మెగ్నీషియం సల్ఫేట్ కావచ్చు. ఒకటి నొప్పిని తగ్గించే బలమైన మత్తుమందు, రెండోది పూర్తిగా వేరే పనికి వాడేది. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితాను ఖరారు చేసింది. ఎంఎస్ అందులో ఉంది. యూనిట్‌కు రాసే యూ అక్షరం కూడా ఉంది, ఎందుకంటే చేతిరాతలో అది సున్నాలా కనిపిస్తుంది, 10 యూనిట్లు 100 అయిపోతాయి. రోజూ, రోజు విడిచి రోజు అని చెప్పే లాటిన్ పొడి అక్షరాలూ ఉన్నాయి, రెంటికీ మధ్య తేడా ఒక్క అక్షరమే.

ఇలాంటి జాబితాలో వాడుక, రంగం, అకారాది అన్నీ పక్కన పెట్టండి. తారుమారైతే ముప్పు ఉన్న రెండు అర్థాలూ పక్కపక్కన, అన్నిటికంటే పైన ఉండాలి. ‘పూర్తి పేరు రాయాలి, సందేహం ఉంటే రాసినవారిని అడగాలి’ అన్న హెచ్చరిక వాటికి ముందు ఉండాలి. జాబితా చూసి అర్థం ఊహించుకునే వీలు ఇక్కడ ఇవ్వకూడదు.

పంక్తి లోపల

వరుస ఎంచుకున్నాక పంక్తి రాసే తీరులో ఆ మేలంతా పోగొట్టుకోవచ్చు. మూడు దేశాల ప్రామాణిక సమయాలకు వాడే ఐఎస్‌టీ తీసుకోండి. మూడు పంక్తులూ పూర్తి రూపంతో మొదలుపెట్టి, తేడాను చివర్లో చెప్పడం ఒక పద్ధతి. దాని బదులు ఇలా రాయండి:

భారత్: యూటీసీ కంటే 5.30 గంటలు ముందు, ఏడాది పొడవునా
ఇజ్రాయెల్: 2 గంటలు ముందు, శీతాకాలంలో
ఐర్లండ్: 1 గంట ముందు, వేసవిలో

భారత్‌లో మధ్యాహ్నం పన్నెండు అయినప్పుడు రెండో లెక్కలో ఉదయం 8.30, మూడో లెక్కలో ఉదయం 7.30. సమావేశం వేళ చూసుకుంటున్నవాడికి పూర్తి రూపంతో ఏం పని? అతనికి దేశం, గంటలు కావాలి. అవే ఎడమ అంచున ఉండాలి, ఎందుకంటే తోసేసుకుంటూ దిగే కన్ను ఆ అంచు వెంటే దిగుతుంది. ఇలా ప్రతి పంక్తికీ ఒకే రకం ఆనవాళ్లు రెండు మూడు ఉన్నప్పుడు పట్టిక గీయడం మేలు. ఆనవాళ్లు రకరకాలుగా ఉంటే పట్టికలో సగం గడులు ఖాళీగా మిగులుతాయి, అప్పుడు మామూలు పంక్తులే నయం.

రెండే అర్థాలున్నప్పుడు జాబితా కూడా అక్కర్లేదు. పీడీఎఫ్ అనే ఫైలు రకం గురించిన పుట మొదట్లో ‘గణాంకాల్లో వచ్చే సంభావ్యతా సాంద్రతా ప్రమేయం కోసం ఫలానా చోట చూడండి’ అని ఒక వాక్యం చాలు. రెండు పంక్తుల కోసం ప్రత్యేకంగా ఒక పేజీ తెరిపించడం పాఠకుణ్ణి తిప్పడమే.

జాబితా పూర్తయ్యాక నేను చేసే పని ఒకటుంది. ఆ పొడి అక్షరాలు వచ్చిన నిజమైన వాక్యాలు ఐదారు, వేర్వేరు చోట్ల నుంచి ఏరి, జాబితాను ఇంతవరకు చూడని మనిషి చేతికి ఇస్తాను. ఒక్కో వాక్యానికి అర్థం వెతకమని పక్కన కూర్చుంటాను. చూపుడువేలు ఏ పంక్తి మీద ఆగిందో చూస్తాను. తనది కాని పంక్తిని చివరిదాకా చదివాక గానీ వేలు కదలకపోతే, ఆ పంక్తి చివర ఉన్న మాటను తెచ్చి మొదట పెడతాను. వేలు రెండు పంక్తుల మధ్య అటూ ఇటూ ఊగితే ఆ రెంటికీ ఇచ్చిన ఆనవాలు ఒకటేనని అర్థం, కొత్తది వెతుకుతాను. తర్వాత అవే వాక్యాలతో ఇంకో మనిషిని కూర్చోబెడతాను.